సౌండు కార్టులో దొరకదు బాబూ

మన ఐటీ జనంలో గిటార్ కొనని వాడు అరుదు. కొన్నాక వాయించేవాడు ఇంకా అరుదు. వాయించి, ఇంట్లోనే రికార్డు చేసి, ఒక పాట పూర్తిచేసి నలుగురికీ వినిపించేవాణ్ణి మాత్రం టార్చిలైటు వేసుకుని వెతకాలి. ఆ మూడో రకం ఎందుకు ఇంత తక్కువ అన్నదే ఈ టపా. ముందే చెప్తున్నా, కాస్త ఘాటుగా ఉంటుంది. ఈ నెలే కొత్త పెడల్ ఈఎంఐలో కొన్నవాళ్ళు తర్వాత చదువుకోండి :)

మన వాళ్ళ మాటలు ఒకసారి వినండి. "సౌండు రావట్లేదు మావా" అంటాడొకడు. వెంటనే చుట్టూ ఉన్నవాళ్ళు వైద్యం మొదలుపెడతారు. "ఇంటర్‌ఫేస్ మార్చెయ్", "ఆ ప్లగిన్ పాతదైపోయింది, కొత్త వెర్షన్ సేల్‌లో ఉంది", "ఎన్ని చేసినా ట్యూబ్ యాంప్ సౌండు రాదు బాస్, మా బావ వచ్చేటప్పుడు అమెరికా నుంచి తెప్పిస్తా". గంటసేపు ఇదే చర్చ. అంతమందిలో ఒక్కడు కూడా "ఏదీ, నువ్వు రికార్డు చేసింది వినిపించు" అనడు!

ఇదే మనుషులు ఆఫీసులో ఎలా ఉంటారు? పేజీ లోడవ్వటానికి తొమ్మిది సెకన్లు పడుతోందంటే, కొత్త సర్వర్ కొందామని ఎవరైనా అంటే నవ్వుతారు. లాగ్ చూడు, ప్రొఫైల్ చెయ్యి, ఏ క్వెరీ దగ్గర ఆగుతోందో పట్టుకో అంటారు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడు అంటారు. ఆ బుర్రంతా సాయంత్రం చెప్పులతోపాటు గుమ్మం బయట వదిలేసి, ఇంట్లో గిటార్ దగ్గరికొచ్చేసరికి కార్డు తీస్తారు. నా వాదన ఇంతే. ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ సౌండు బాగా రాకపోవటం చాలావరకు డీబగ్గింగ్ సమస్య. దాన్ని షాపింగ్ సమస్యగా మార్చేసుకున్నాం. అందుకే సామాను పెరుగుతోంది, పాటలు పెరగట్లేదు.

సరే, అసలు విషయానికొద్దాం. మనం ఎలక్ట్రిక్ గిటార్ సౌండు అని పిలిచేది గిటార్ నుంచి వచ్చే సౌండు కాదు. తీగె, పికప్, యాంప్, స్పీకర్, మైకు, గది... ఇంతమంది కలిసి వండిన వంట అది. ఇందులో జనం బొత్తిగా పట్టించుకోనిది స్పీకర్. గిటార్ యాంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ మన హోమ్ థియేటర్ స్పీకర్ లాంటిది కాదు. దానికి ట్వీటర్ ఉండదు. సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక దాని రెస్పాన్స్ ధబేలున పడిపోతుంది. హైఫై లెక్కల్లో అది లోపం. గిటార్‌కి మాత్రం అదే ప్రాణం. డిస్టార్షన్ పుట్టించే పై హార్మోనిక్స్‌లో చెవికి గుచ్చుకునే భాగాన్ని ఆ స్పీకరే వడకట్టేస్తుంది. ఆ వడపోత లేకుండా డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌కి గుచ్చి వినండి. దోమల బ్యాట్ చప్పుడు వస్తుంది. దాన్ని పోగొట్టటానికి మనవాడు ఇంకో పెడల్ కొంటాడు. ఇప్పుడు రెండు దోమల బ్యాట్లు.

ఈ స్పీకర్ పనిని కంప్యూటర్లో చేసేదే ఇంపల్స్ రెస్పాన్స్. ఈ పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో మార్కుల కోసం బట్టీ పట్టాం చూడండి, కన్వల్యూషన్, అదే ఇది! స్పీకరూ, దాని పెట్టె, ముందున్న మైకు కలిపి దాదాపుగా లీనియర్ సిస్టమ్. కాబట్టి ఒక చిన్న వేవ్ ఫైలులో దాని లక్షణమంతా పట్టెయ్యొచ్చు. యాంప్ నాన్‌లీనియర్, దాన్ని అలా పట్టలేం, దానికి వేరే మోడల్ కావాలి. ఇంజినీరింగ్ నాలుగేళ్ళలో నిజంగా పనికొచ్చే పాఠం ఒకటి ఇలా ఒళ్ళో వచ్చి కూర్చుంటే, మనవాళ్ళు "ఆ ఫైళ్ళ గోల ఎందుకులే, ప్రీసెట్ పేరేంటో చెప్పు" అంటారు. ఏంటో!

ఆ ఇంపల్స్ ఫైళ్ళు ఉచితంగానే బోలెడు దొరుకుతాయి. యాంప్ మోడళ్ళ సంగతీ అంతే. స్టీవెన్ ఆట్‌కిన్సన్ అనే ఆయన రాసిన న్యూరల్ యాంప్ మోడలర్ పూర్తిగా ఓపెన్ సోర్స్. పైటార్చ్‌తో ట్రైన్ చేసిన నెట్‌వర్క్ యాంప్‌ని అనుకరిస్తుంది. మనలో సగం మంది రెజ్యూమెలో న్యూరల్ నెట్‌వర్క్ అని రాసుకున్నవాళ్ళమే, ఆ కోడ్ తెరిచి చూసినవాళ్ళు ఎంతమంది? రికార్డు చెయ్యటానికి రీపర్ ఉంది. మనం ఒకప్పుడు పాటలు విన్న విన్‌యాంప్‌ని రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ దాని వెనకున్న మనిషి. అరవై రోజులు ఊరికే వాడి చూసుకోవచ్చు. ఆ తర్వాత మనలాంటి వాళ్ళకి లైసెన్సు 60 డాలర్లు. కొనాల్సినవి ఇంత తక్కువైపోయాక కూడా సౌండు రావట్లేదంటే, ఆలోచించాలి కదా.

"అవన్నీ బొమ్మలు బాస్, అసలు సౌండు ట్యూబ్‌లోనే" అనేవాళ్ళకి ఇప్పుడు సమాధానం.

1964లో కింక్స్ బ్యాండ్ గిటారిస్ట్ డేవ్ డేవీస్ 'యు రియల్లీ గాట్ మీ' సౌండు కోసం ఒక చిన్న చవక యాంప్ స్పీకర్ కోన్‌ని బ్లేడుతో చీరేశాడు. 1968లో బీటిల్స్ 'రెవల్యూషన్' గిటార్లని యాంప్ లేకుండా నేరుగా మిక్సింగ్ డెస్కులోకి పంపి, ఆ డెస్కునే ఓవర్‌లోడ్ చేశారు. నేను పైన దోమల బ్యాట్ అని తిట్టిన పద్ధతే, కానీ వాళ్ళకి ఆ పాటకి అదే కావాలి, విని ఎంచుకున్నారు. లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్‌లో (1969) జిమ్మీ పేజ్ వాయించింది ఎక్కువగా టెలికాస్టర్ మీద, సుప్రో అనే చిన్న యాంప్‌లోంచి. ఆ ఆల్బమ్ విని లెస్ పాల్‌కీ, నిలువెత్తు మార్షల్‌కీ డబ్బులు కూడబెట్టినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. వీళ్ళందరిలో ఉమ్మడిగా ఉన్నది ఖరీదు కాదు. స్పీకర్లోంచి ఏం వస్తోందో విని, నచ్చేదాకా కదిపారు.

నాకు మాత్రం వీళ్ళందరికన్నా దగ్గరగా అనిపించేది టామ్ షోల్జ్. ఎందుకంటే ఆయన మనలాంటి వాడే, ఉద్యోగస్తుడు. ఎంఐటీలో మెకానికల్ ఇంజినీరింగ్ మాస్టర్స్ చేసి పోలరాయిడ్‌లో పనిచేసేవాడు. పగలు ఉద్యోగం, రాత్రి మసాచుసెట్స్‌లోని తన ఇంటి బేస్‌మెంట్లో రికార్డింగు. అలా ఏళ్ళ తరబడి. 1976లో వచ్చిన 'బోస్టన్' మొదటి ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఆ బేస్‌మెంట్లో రికార్డయిందే. ఒక్క అమెరికాలోనే కోటిన్నరకి పైగా కాపీలు అమ్ముడైంది. యాంప్‌ని ఫుల్లుగా పెడితేగానీ కావలసిన డిస్టార్షన్ రాదు, పెడితే ఇల్లు ఎగిరిపోతుంది. మరి ఆయనేం చేశాడు? యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పవర్ తగ్గించే పెట్టె తయారుచేశాడు. దాన్నే తర్వాత పవర్ సోక్ పేరుతో అమ్మాడు. 1982లో రాక్‌మన్ అని వాక్‌మన్ సైజులో ఒక హెడ్‌ఫోన్ యాంప్ తెచ్చాడు. అందులో ట్యూబులూ లేవు, స్పీకరూ లేదు. డెఫ్ లెపర్డ్ 1987 ఆల్బమ్ 'హిస్టీరియా'లో గిటార్లకి వాడింది ఆ బుల్లి డబ్బానే. ట్యూబ్ భక్తులారా, ఆ ఆల్బమ్‌ని ఏం చేద్దాం మరి? నీళ్ళలో కలిపేద్దామా?

షోల్జ్ సామాను కొనలేదని కాదు, కొన్నాడు, లేనిది సొంతంగా చేసుకున్నాడు. కానీ ముందు తన సమస్య ఏంటో స్పష్టంగా తెలుసుకున్నాడు. మనం ముందు కొని, దానికి సరిపడే సమస్యని తర్వాత వెతుక్కుంటున్నాం.

ఇక ఇళ్ళల్లో నాకు తరచూ వినబడే బగ్గులు చెప్తాను. వీటిలో దాదాపు దేనికీ డబ్బు అక్కర్లేదు.

1. గెయిన్. గదిలో ఒంటరిగా వాయిస్తున్నప్పుడు ఎంత డిస్టార్షన్ పెడితే అంత వీరంగా ఉంటుంది. రికార్డులో వింటే బురద. డిస్టార్షన్ అంటే కంప్రెషన్ కూడా. పిక్ దెబ్బకీ, మామూలు నోటుకీ తేడా చంపేస్తుంది. మనకి ఇష్టమైన హెవీ రికార్డుల్లో గెయిన్ మనం అనుకునేదానికన్నా తక్కువ ఉంటుంది. ఒకే రిఫ్‌ని రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పెట్టటం వల్ల వచ్చిన బలం అది. ఒక టేక్‌నే కాపీ పేస్ట్ చేసి రెండువైపులా పెడితే స్టీరియో రాదు, అదే మోనో ఇంకాస్త గట్టిగా వస్తుంది. రెండోసారి వాయించాలి. బద్ధకిస్తే లాభం లేదు.

2. వాల్యూమ్ మోసం. మనిషి చెవి తక్కువ వాల్యూమ్‌లో బేస్‌నీ, ట్రెబుల్‌నీ తక్కువగా వింటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చెప్పారు. కొంచెం గట్టిగా ఉన్నది ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. కొత్త ప్లగిన్ ఆన్ చెయ్యగానే "ఆహా" అనిపించిందా? రెండు మూడు డీబీలు పెరిగిందేమో చూడండి. లెవెల్ సమానం చేసి, కళ్ళు మూసుకుని, ఏది ఏదో తెలియకుండా విని అప్పుడు చెప్పండి. ఈ ఒక్క పరీక్ష పెడితే సగం షాపింగ్ ఆగిపోతుంది. అందుకే ఏ అమ్మకందారూ దీని గురించి చెప్పడు.

3. ఒంటరి సౌండు. డెమో వీడియోలో గిటార్ కింద బేస్ గిటార్ ఉంటుంది, డ్రమ్స్ ఉంటాయి, వాయించేవాడికి ఇరవయ్యేళ్ళ చెయ్యి ఉంటుంది. గిటార్ మందపాటి తీగె 82 హెర్ట్జ్, బేస్ గిటార్‌ది 41. గిటార్ బరువు అని మనం మురిసిపోయేది చాలాసార్లు బేస్ గిటార్ బరువు. సోలోలో బ్రహ్మాండంగా ఉండేలా గిటార్‌కి బేస్ పెంచేసి, పాటలో కలిపాక అంతా కలగాపులగం అయితే ఇంటర్‌ఫేస్‌ని తిట్టడం దేనికి? 80-100 హెర్ట్జ్ కింద కోసెయ్యండి. విడిగా వింటే సన్నగా ఉంటుంది, పాటలో సరిగ్గా కూర్చుంటుంది.

4. ఇన్‌పుట్. మామూలు పికప్‌కి ఇంటర్‌ఫేస్‌లో ఒక మెగాఓమ్ దగ్గర ఇంపిడెన్స్ ఉన్న గిటార్ ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే దుప్పటి కప్పినట్టుంటుంది. పక్కనే బుల్లి బటన్ ఉంటుంది, గిటార్ బొమ్మతో. నొక్కండి. ఇంకోటి, లెవెల్ ఎర్ర లైటు దాకా తీసుకెళ్ళక్కర్లేదు. 24 బిట్ రికార్డింగులో పీక్స్ మైనస్ 12 దగ్గర ఉన్నా నష్టమేం లేదు.

5. గుంయ్‌మనే శబ్దం. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని పిల్లలు 100, 150. సింగిల్ కాయిల్ పికప్ వాటిని భక్తిగా పట్టుకుంటుంది. దీనికే గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో హంబకర్‌కి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. నాయిస్ గేట్ ప్లగిన్ కొనేముందు లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. ఫ్యాన్ రెగ్యులేటర్, ఇన్వర్టర్, మానిటర్ ఒక్కొక్కటే ఆపి వినండి. మీరు తిరిగి కూర్చుంటే శబ్దం మారుతోందా చూడండి. సాకెట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మూడు పిన్నులున్న సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, ఇది సౌండు కోసమే కాదు, ప్రాణం కోసం కూడా.

6. లేటెన్సీ. "నా ఇంటర్‌ఫేస్ లేటండీ" అనేవాళ్ళు లెక్క వెయ్యండి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ళ బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు. వెళ్ళి వచ్చేసరికి మొత్తం ఏడెనిమిది అయ్యిందనుకుందాం. గాలిలో శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే యాంప్‌కి రెండున్నర మీటర్ల దూరంలో నిలబడినట్టు. స్టేజీ మీద అంతకన్నా దూరంలో నిలబడి వాయిస్తారు.

7. తీగెలూ, చెయ్యీ. తుప్పుపట్టిన తీగెల మీద లక్ష రూపాయల సామాను దండగ. విశాఖలోనో, కాకినాడలోనో ఉండేవాళ్ళకి మరీను, సముద్రపు గాలి తీగెల్ని తొందరగా తినేస్తుంది. ప్రతి టేక్ ముందూ ట్యూన్ చూడండి. పిక్‌ని బ్రిడ్జ్ వైపు ఒక అంగుళం జరిపితే వచ్చే తేడా ఈక్వలైజర్‌లో అరగంట కూర్చున్నా రాదు.

నిజం యాంప్, నిజం మైకు ఉన్నవాళ్ళకి కూడా ఇదే మాట. షూర్ ఎస్సెమ్ 57 మైకు 1965 నుంచి ఉంది, గిటార్ యాంప్‌ల ముందు ఇప్పటికీ అదే నిలబడుతోంది. స్పీకర్ మధ్యలో పెడితే పదును, అంచుకి జరిపితే మెత్తన. రెండు వేళ్ళ వెడల్పు జరిపి మళ్ళీ రికార్డు చేసి వినండి. రెండో మైకు పెట్టారా? రెంటికీ దూరంలో తేడా 34 సెంటీమీటర్లయితే ఒక మిల్లీసెకను ఆలస్యం, సమానంగా కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర పెద్ద గుంట పడుతుంది. గిటార్ ఒళ్ళంతా అక్కడే ఉంటుంది. దానికి ప్రీయాంప్ కొంటే గుంట పూడదు, మైకు జరిపితే పూడుతుంది.

వంద వాట్ల యాంప్ మోజు ఉన్నవాళ్ళకి ఇంకో లెక్క. పది వాట్లకీ వంద వాట్లకీ తేడా పది డీబీలే, చెవికి సుమారు రెట్టింపు. పది వాట్లే అపార్ట్‌మెంట్లో అసోసియేషన్ మీటింగు పెట్టించటానికి చాలు. గోడలకి కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే పక్కింటివాళ్ళకి వినబడదు అనుకునేవాళ్ళూ ఉన్నారు. శబ్దాన్ని ఆపేది బరువు, అట్టపెట్టె కాదు. పక్కింటావిడకి మీ సోలో యథాతథంగా వినబడుతూనే ఉంటుంది.

"అయితే సామానే అక్కర్లేదంటావా?" అని అడుగుతారు. అననండీ. ఫ్రెట్‌లు సరిగా లేని గిటార్ ట్యూన్‌లో ఉండదు, దాన్ని సెటప్ చేయించాల్సిందే. నమ్మదగ్గ హెడ్‌ఫోన్స్ ఒకటి ఉండాలి, లేకపోతే దేన్ని విని సరిచేస్తారు? గిటార్ ఇన్‌పుట్ ఉన్న మామూలు ఇంటర్‌ఫేస్ ఒకటి. ఇంతవరకు ఖర్చు న్యాయమే. ఆ తర్వాత ప్రతి ఖర్చుకీ ఒకటే ప్రశ్న. ఇది ఏ బగ్గుని సరిచేస్తుంది? ఒక వాక్యంలో చెప్పలేకపోతే కార్టులోంచి తీసెయ్యండి. టికెట్ లేకుండా ప్రొడక్షన్‌లోకి మార్పు పంపిస్తే ఊరుకుంటారా మీ లీడ్?

ఇంకో రోగం కూడా చెప్పి ముగిస్తా. కొనటం మానేసినవాళ్ళకి పట్టే రోగం ఇది. శుభ్రమైన డైరెక్ట్ సిగ్నల్ రికార్డు చేసి పెట్టుకుంటే యాంప్‌ని తర్వాత ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మంచి వసతే. కానీ ఆ మార్చటానికి అంతు ఉండదు. ఏడాది నుంచి మర్జ్ కాని బ్రాంచ్ లాగా పాట అలాగే పడి ఉంటుంది. సౌండుని ఒక రోజు నిర్ణయించి, ఆడియోగా అచ్చు వేసేసి, ముందుకి వెళ్ళాలి.

ఎందుకింత గొడవ అంటారా? మనకి ఉద్యోగం పోగా మిగిలేది రాత్రి ఒక గంటో, రెండు గంటలో. ఇరవైల చివర్లో ఉన్నాం. ఇంకొన్నాళ్ళకి ఈ గంటలు కూడా ఉండవు, పిల్లలూ, హోమ్ లోనూ, అమ్మానాన్నల ఆరోగ్యం వచ్చి కూర్చుంటాయి. ఈ వయసులో మన బుర్రలో తిరిగే పాట ఈ వయసులోనే పుట్టాలి. సినిమా పాట కాకుండా తెలుగులో సొంత పాట, సొంత గిటార్‌తో చేసేవాళ్ళే తక్కువ. ఉన్న కొద్దిమందీ రివ్యూ వీడియోలు చూస్తూ ఆ గంటలు కరిగించేస్తే, రేపు మన దగ్గర మిగిలేది ఓఎల్ఎక్స్‌లో సగం ధరకి పెట్టుకునే డబ్బాలు. పాట మాత్రం ఎవరికీ వినబడకుండానే పోతుంది. ఆ నష్టానికి ఈఎంఐ కూడా ఉండదు.

కాబట్టి ఒక సవాలు. మూడు నెలలు ఏమీ కొనకండి. ఇప్పుడున్న గిటార్, ఇప్పుడున్న ఇంటర్‌ఫేస్, ఒక ఉచిత యాంప్ మోడల్, ఒకే ఒక్క ఇంపల్స్ ఫైలు. కొత్త తీగెలకి మాత్రం మినహాయింపు. మూడు నిమిషాల పాట ఒకటి పూర్తిచెయ్యండి. ఆ తర్వాత కూడా ట్యూబ్ యాంప్ కావాల్సిందే అనిపిస్తే, ఏ బగ్గు కోసమో కింద వ్యాఖ్యల్లో రాయండి, దాంతోపాటు ఆ పాట కూడా పెట్టండి. పాట లేకుండా ఒట్టి యాంప్ పేరు రాసినవాళ్ళతో మాత్రం నేను వాదించను.